గేటు దగ్గర అవ్వ

చర్చివాళ్ళు మావోరీ తెగ ఆడపిల్లలకి పెట్టిన హాస్టలు బడిలో సోమవారం వస్తే దుప్పట్ల ఉతుకుడే.

"గేటు దగ్గర ఎవరో ముసలమ్మ నిలబడిందే," అంది హారియాతా, దుప్పటి పిండుతూ.

రిపెకా తలెత్తి చూసింది. నల్ల శాలువా, గడ్డం మీద నీలి పచ్చబొట్టు, చేతిలో చిలగడదుంపల బుట్ట.

గేటు బార్లా తెరిచే ఉంది. అవ్వ మాత్రం అడుగు లోపల పెట్టడం లేదు.

"రావమ్మా, తీసే ఉందిగా," వరండాలోంచి ఇంగ్లీషులో కేకేసింది కొత్త మేట్రన్.

అవ్వ కదల్లేదు.

"చెవుడేమో పాపం," అనుకుంటూ మేట్రన్ లోపలికి వెళ్ళిపోయింది.

చెవుడు కాదని రిపెకాకు తెలుసు. ఆడగొంతు ఒకటి మావోరీలో రాగం తీసి పిలవాలి. ఆ పిలుపు లేకుండా పెద్దవాళ్ళు గేటు దాటుతారా ఎక్కడైనా?

"నువ్వు పిలవ్వే. మీ నాన్నమ్మ నేర్పిందిగా," మోచేత్తో పొడిచింది హారియాతా.

"నీకేం, ఎన్నైనా చెబుతావు. మావోరీ మాట్లాడానని నాకప్పుడే రెండు తప్పు మార్కులు పడ్డాయి. మూడోది పడితే మే సెలవులకి ఇంటికి పంపరు."

"అయితే ఆవిడ అలా నిలబడాల్సిందేనా?"

"నాన్నమ్మ మంచం మీదుందే. నేను వెళ్ళి తీరాలి."

పిలుపు గొంతుదాకా వచ్చింది. రిపెకా మింగేసింది.

దుప్పట్లు ఆరేదాకా అవ్వ అక్కడే ఉంది. తర్వాత బుట్ట గేటు బయట దించి, మెల్లగా రోడ్డెక్కింది.

సాయంత్రం భోజనంలో ఆ దుంపలే వడ్డించారు.

"ఎవరో మరిచిపోయి పోయారట. మన అదృష్టం," అంది వంటావిడ.

తప్పు చేశానని రిపెకాకు అప్పుడే తెలిసిపోయింది. తన దుంప తీసి హారియాతా పళ్ళెంలో వేసేసింది.

మార్కు మాత్రం పడలేదు. ప్రయాణం ఖాయమైంది.

పది రోజులకు, పొద్దుటి ప్రార్థనలో పెద్ద టీచరమ్మ గోడకు ఒక పటం తగిలించింది. నల్ల శాలువా, గడ్డం మీద నీలి పచ్చబొట్టు.

హారియాతా రిపెకా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎరెనా పౌటు గారు. నిన్న పోయారు. వాళ్ళవాళ్ళు ఈ పటం పంపించారు," అంది పెద్ద టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మీరు చదువుకోవాలని మన బడి ఉన్న ఈ గుట్టంతా ఊరికే రాసిచ్చిన తల్లి. ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళమని ఏటా ఉత్తరం రాశాను, ఎందుకో రానేలేదు."