రెండు ముద్దల సంగటి

రూపాయి కాసంత బొట్టు పెట్టుకొచ్చిన అలివేలమ్మ, కంభం సంతలో మందుల దుకాణం గుమ్మానికి అడ్డంగా విస్తరి పరిచింది. రెండు సంగటి ముద్దలు పెట్టింది.

"మా ఆయన్ను పిలువు నాయనా. సంగటి చల్లారిపోతాది," అంది దుకాణదారుతో.

సీసాలు కొనబోయినవాళ్లు విస్తరి దాటలేక ఆగిపోయారు.

"మీ ఆయనెవరమ్మా? ఇక్కడెందుకుంటాడు?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"మొగుడి పేరు నేను చెప్పగూడదు. అదే చెప్తాది," అంటూ తలుపుకు అంటించిన మద్రాసు పేపరు చూపించింది. "ఈ వారం వచ్చిందంట. ఎవురన్నా చదవండన్నా."

గుంపులో ఒకాయన పైకి చదివాడు: "ప్రాణామృతం నాలుగు సీసాలు పుచ్చుకొని మంచము దిగితిని. ఇప్పుడు పూటకు రెండు ముద్దలు భుజించుచున్నాను. ఇట్లు, పుల్లలచెరువు చెంచయ్య."

"ఆ రెండు ముద్దలే తెచ్చినా. ఆయన ఇంటికాడ లేడు. నీకాడే ఉండాల."

"పిచ్చి పట్టిందా నీకు?" దుకాణదారు గొంతు చించుకున్నాడు. "పోయిన నెలే చచ్చిపోయినాడు గదా నీ మొగుడు! నాలుగు సీసాలూ తాగి గూడా చస్తే నేనేం జేసేది?"

సీసాలకని తీసిన డబ్బులు జనం మళ్లీ రొంటిన దోపుకున్నారు.

అలివేలమ్మ విస్తరి మడిచింది. కొంగుతో బొట్టు తుడిచేసుకుంది.

"ఇంకోసారి గట్టిగా చెప్పు నాయనా. ఆ చివరోళ్లకు ఇనపడలేదు."