తట్టి ఎక్కిన పడవ

ఎనిడ్ సంచిలో రొట్టె, జున్నుముక్క, టీ ఫ్లాస్కు, భర్త వెర్నన్‌కి పొడి మేజోళ్లు సర్దింది. శనివారానికల్లా అద్దెగది ఖాళీ చేయాలి. అందుకే బర్మింగ్‌హామ్ కాలువ అడుగున రెండేళ్లుగా మునిగి ఉన్న, గదీ పొయ్యీ ఉన్న ఇరుకు పడవను చవగ్గా కొన్నారు. అది తేలకపోతే ఆ ముసలి దంపతులకు తలదాచుకునే చోటు లేదు.

చీకటి పడ్డాక కూడా కాలువ ఒడ్డున పంపు ఆ పడవలోంచి నీళ్లు తోడుతూనే ఉంది. పడవ బురదలోంచి మెల్లగా పైకి లేచింది. వెర్నన్ పంపు ఆపాడు. కాలువ మీద చప్పుడన్నది లేకుండా పోయింది.

కాలువ మీద పుట్టి పెరిగినవాళ్లు తట్టకుండా ఏ పడవా ఎక్కరు. లోపలివాళ్లు తిరిగి తడితే రమ్మన్నట్టు. వెర్నన్ అలవాటుకొద్దీ పడవ గోడను రెండుసార్లు తట్టాడు.

"ఎవర్ని పిలుస్తున్నావయ్యా? మన పడవేగా," అని నవ్వింది ఎనిడ్.

లోపల్నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడైంది.

"వద్దు. పోదాం పద." ఆమె అతని కోటు పట్టుకుంది.

"పోయి ఎక్కడ పడుకుందామే, వంతెన కిందా? లోపలింకా మోకాలిలోతు నీళ్లున్నాయి. ఏ చెక్కో కొట్టుకుని ఉంటుంది."

లాంతరు పట్టుకుని దిగాడు. వెలుగు ఒక్కో కిటికీ దాటుతూ చివరి కిటికీ దగ్గర ఆగింది.

"ఎనిడ్," అన్నాడు నెమ్మదిగా, "ఇక్కడ పొయ్యి వెచ్చగా ఉందే."

వెలుగు ఆరిపోయింది. ఆమె ఒడ్డునే నిలబడి గొంతు పోయేదాకా పిలిచింది.

వెర్నన్ ఆ పడవలోంచి తిరిగి రాలేదు. అది నవంబరు పద్నాలుగు, గురువారం.