సగంలో ఆగిన బెంచీ

"అమ్మా, ఈ చివర కాస్త పట్టుకుంటారా?"

ఆమె ఉలిక్కిపడి చూసింది.

ఆసుపత్రి వెనక చిన్న తోట. గడ్డి మీద సగం చేసిన చెక్క బెంచీ. అటొకటి, ఇటొకటి మొక్కల తొట్లు. వాటిని కలుపుతూ కూర్చోవడానికి పలకలు. ఒక పలకే బిగించి ఉంది, తక్కినవి పక్కన పడున్నాయి. ఓ పెద్దాయన స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు.

"నన్నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారమ్మా?"

ఆమెకు ఒళ్లు మండింది. లోపల కూతురికి గుండె మారుస్తున్నారు. ఆపరేషన్ థియేటర్ ముందు కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, కనబడిన ప్రతి నర్సునీ అడిగిందే అడుగుతుంటే భర్తకే విసుగొచ్చింది. "కాసేపు తోటలో కూర్చో. నేను పిలుస్తాగా" అని పంపేశాడు. తీరా కూర్చుందామంటే బెంచీయే తయారు కాలేదు!

అయినా వెళ్లి పలక పట్టుకుంది. చేతులు వణికాయి. పలకా వణికింది.

"గట్టిగా పట్టుకోండి."

"పట్టుకున్నాగా!"

స్క్రూ సగం దిగి వంకర పోయింది. పీకి మళ్లీ పెట్టాడు. అదీ వంకరే.

అంత దిగుల్లోనూ ఆమెకు ఆశ్చర్యమేసింది. ఇంత చేతకాని వడ్రంగిని ఆమె ఎక్కడా చూడలేదు. పలకల మీద పెన్సిల్ గీతలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. స్క్రూ దిగాల్సిన ప్రతి చోటా చిన్న చుక్క. ఏ పలక తర్వాత ఏదో తెలిసేలా ఓ మూల అంకె.

"గీతలు ఇంత చక్కగా గీశారు, స్క్రూ బిగించడం రాదా?"

"గీతలు నావి కావమ్మా. బిగించడం ఒక్కటే నా పని."

ఆమె మేడ మీది కిటికీల వైపు చూసింది. అన్నీ మూసే ఉన్నాయి. ఫోను తీసి చూసుకుంది. మోగలేదు. మోగకపోవడం మంచికో చెడ్డకో అంతుబట్టలేదు. వెనక తలుపు చప్పుడైతే చాలు, పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

"మా అమ్మాయి లోపల బల్ల మీద ఉంది" అంది ఉండబట్టలేక. "వేరే గుండె పెడుతున్నారు."

పెద్దాయన చెయ్యి ఆగిపోయింది.

మెల్లగా అడిగాడు. "ఏం చేస్తుంటుందమ్మా అమ్మాయి?"

"ఏం చేస్తుంది? నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మంచం మీంచే ఇంటిల్లిపాది మీదా పెత్తనం చేస్తుంది." ఆమె పమిటతో కళ్లు ఒత్తుకుంది. "కదిలే బస్సు వెనక పరుగెత్తి ఎక్కాలట దానికి. అదొక్కటే కోరిక. పిచ్చి మొహం!"

"పరుగెత్తుతుందమ్మా. పరుగుకేం లోటుండదు."

ఏదో స్వయంగా చూసొచ్చినట్టు అన్నాడు. ఆమెకు కోపం ముంచుకొచ్చింది.

"మీకెలా తెలుసు? అసలు మీకు పిల్లలున్నారా?"

"ఒక్కడే."

"అయితే చెప్పండి. వాడే ఇప్పుడు లోపల బల్ల మీద ఉంటే, మీరిలా తాపీగా బెంచీ బిగిస్తూ కూర్చుంటారా?"

మట్టి బుట్ట మోసుకొస్తున్న తోటమాలి ఉన్నచోటే ఆగిపోయాడు. ఏదో అనబోయాడు. పెద్దాయన వద్దన్నట్టు తల ఊపాడు.

"ఇటు రండమ్మా. ఇంకో పలకుంది."

మాట జారానని ఆమెకు అప్పటికే తెలిసింది. వెళ్లి పలక పట్టుకుంది. ఆ తర్వాత ఇంకోటి. ఆయన ఆమెను ఊరికే ఉండనివ్వలేదు. స్క్రూలందించమన్నాడు. మట్టిలో రాళ్లేరమన్నాడు. తొట్టి నింపమన్నాడు. గోళ్లలోకి మట్టి దూరింది. ఎప్పుడో తెలియదు గానీ, చేతుల వణుకు తగ్గింది.

చివరి పలకా బిగిశాక, ఆమె గరుకు కాగితం తీసుకుని పెన్సిల్ గీతలు చెరపబోయింది.

పెద్దాయన గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా! అవి ఉండనీ."

ఆ గొంతుకు ఆమె బిత్తరపోయింది. కాగితం కింద పెట్టేసింది.

అంతలో ఆసుపత్రి మనిషొకడు వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. పెద్దాయన లేచి, చేతులు తుడుచుకుని, బెంచీని ఓసారి నిమిరాడు.

"ఆ తొట్లో మొక్కలు మీరు పెట్టేయండమ్మా" అని వెనక గేటు వైపు వెళ్లిపోయాడు.

ఇంకో పని తగిలినట్టుంది అనుకుంది ఆమె.

మొక్కలు పెట్టింది. నీళ్లు పోసింది. ఇక చేయడానికేమీ మిగల్లేదు. భయం మళ్లీ మీద పడింది. బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

వెనక తలుపు భళ్లున తెరుచుకుంది. భర్త పరుగెత్తుకొస్తున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు.

"కొట్టుకుంటోందే! కొత్త గుండె తనంతట తనే కొట్టుకుంటోందట!"

ఆమె మట్టి చేతులతోనే అతన్ని పట్టుకుని భోరుమంది. ఏడుపు కాస్త తగ్గగానే పెద్దాయన గుర్తొచ్చాడు. ఈ మాట ఆయనకూ చెప్పాలి. ఇందాక తూలనాడినందుకు క్షమించమని అడగాలి.

"ఆ వడ్రంగి ఆయన ఏడీ?" అని తోటమాలిని అడిగింది.

"వెళ్లిపోయాడమ్మా. ఇప్పుడే అంబులెన్స్ ఎక్కాడు."

"అంబులెన్స్ ఎందుకు? రేపు పనిలోకి వస్తాడుగా?"

"ఆయన వడ్రంగి కాదమ్మా." తోటమాలి పెన్సిల్ గీతల మీద వేలు పెట్టాడు. "వడ్రంగి ఆయన కొడుకు. మొన్న ఈ పనికే పరుగున వస్తూ మన గేటు ముందే లారీ కింద పడ్డాడు. మెదడు చచ్చిపోయింది, ఇక లాభం లేదన్నారు. వాడి గుండె ఎవరికైనా పెట్టమని పొద్దున సంతకం చేసి, వాణ్ని తిరిగి అప్పజెప్పేదాకా ఊరికే కూర్చోలేక, వాడు సగంలో వదిలిన బెంచీ పూర్తి చేశాడు."