మార్కెట్ ఖరీదుగా ఉంది

దేశంలోని షేర్లన్నిటి విలువను దేశం ఏడాది సంపాదనతో పోల్చి చూస్తే మార్కెట్ ఖరీదో చవకో తెలుస్తుందని పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం ఆ లెక్క కట్టి, అమెరికాలోని మా టొలెడో ఊళ్లో మేం కలిసే కాఫీ హోటల్లో నా పాత స్నేహితురాలు వెర్నాకు చెప్పేవాణ్ణి. ప్రతిసారీ ఒకటే మాట: "ఖరీదుగా ఉంది. ఆగు."

ఆమె ఆగింది. ఇల్లు అమ్మగా వచ్చిన డబ్బంతా బ్యాంకులోనే ఉంచింది. ఈలోగా మార్కెట్ మూడింతలైంది.

నిన్న, డెబ్బై రెండేళ్ల వెర్నా సూపర్ మార్కెట్ వాళ్లిచ్చిన ఎర్ర ఏప్రన్‌తోనే వచ్చి కూర్చుంది.

"మళ్లీ క్యాషియర్ పనిలో చేరాను, హాల్. ఆ మొహమేంటి? ఎవరూ చచ్చిపోలేదులే."

"నా మాట వినే కదా నీకీ పాట్లు."

"చాల్లే, పెద్ద జ్యోతిష్కుడివి! నువ్వూ నాతోపాటు షేర్లు కొనకుండా ఒడ్డునే కూర్చున్నావుగా. నష్టపోతే ఇద్దరం నష్టపోయాం. ఈ పూట కాఫీ నాది, జీతం వచ్చింది."

నేను తలూపాను. డబ్బులు ఆమెనే ఇవ్వనిచ్చాను.

మా ఫ్యాక్టరీలో నెలనెలా నా జీతంలో పదోవంతు కోసి రిటైర్మెంట్ కోసం షేర్లలో పెడతారు. వద్దనుకుంటే ఒక కాగితం మీద సంతకం చేస్తే చాలు. ఈ పదకొండేళ్లలో నేనా సంతకం చెయ్యలేదు.