చెప్పుల సంచి

ఇళ్లు శుభ్రం చేయించే చిన్న వ్యాపారం డోరాది. ఆ రోజు యాప్రాల్‌లో కొత్త ఇంటి పని. మనుషులను తెచ్చిన మేస్త్రీ జంగయ్య, ఆడవాళ్లు గడప దగ్గర విడిచిన చెప్పులన్నీ సంచిలో వేసుకుని గేటు బయట ఉన్న వ్యానుకు బయలుదేరాడు.

"ఏందీ జంగయ్యా, చెప్పుల దుకాణం పెడ్తున్నవా?"

"కొత్త మార్బుల్ మేడం. చెప్పులతోని తిరిగి గలీజ్ చేస్తే ఓనర్ లొల్లి పెట్టడా?"

ఇంత శ్రద్ధగల మేస్త్రీ దొరికినందుకు డోరా సంతోషపడింది.

మధ్యాహ్నం బాత్రూం కడుగుతున్న ఒకామె పాదం మీద యాసిడ్ ఒలికింది. డోరా నీళ్లు పోసి, తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టింది.

"వేస్కో. సందు చివర డాక్టరున్నడు, పోయొద్దాం."

ఆమె వెనక్కి జరిగింది.

"వద్దమ్మా. మేస్త్రీ కొడ్తడు."

"చెప్పులేస్కుంటే ఎందుకు కొడ్తడు?"

"మేముండే రూముల సుత చెప్పులు ఇయ్యడమ్మా. రాత్రి ఆ సంచి తలకింద పెట్టుకొని పంటడు. మునుపు ఒకామె తప్పించుకొని ఊరికి నడిచిపోయిందంట. అప్పటిసంది గిట్లనే."

బయట వ్యాను హారన్ మోగింది, వెనకే జంగయ్య గొంతు.

"అయ్యిందా మేడం? తీస్కపోవాలె వీళ్లను."

డోరా ఉత్త కాళ్లతోనే వెళ్లి, లోపలి నుంచి గేటుకు గడియ పెట్టింది.

హారన్ ఆగింది. వ్యాను తలుపు తీసిన చప్పుడు వినిపించింది.