శనగనీళ్ల మూస్

మూడోసారి కూడా మూస్ కుప్పకూలింది.

టైలరమ్మ గిన్నెలోకి చూసి తల బాదుకుంది. నురగలా ఉండాల్సింది కాస్తా బురదలా తయారైంది.

పక్కగదిలో కూతురుంది. ఇరవై ఏళ్లది. గుండె మార్పిడి జరిగి నాలుగు నెలలైంది. గుండె బాగానే కొట్టుకుంటోంది, పిల్లే ఏమీ తినడం లేదు. గుండె కోసం మింగే మాత్రల పుణ్యమా అని ఏది నోట్లో పెట్టినా ఇనుము నాకినట్టుందట.

"ఇంకో రెండు కిలోలు తగ్గిందంటే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాల్సిందే" అని డాక్టర్ తెగేసి చెప్పాడు.

ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది ఒక్కటే. చాక్లెట్ మూస్. ఫ్రెంచివాళ్ల వంటకం, పచ్చి గుడ్డు తెల్లసొన, క్రీము గిలక్కొట్టి చేసేది. పచ్చి గుడ్డు తగలకూడదు, క్రీము ముట్టకూడదు అని డాక్టర్ చీటీలో రాసిపెట్టాడు. ఆ రెండూ తీసేస్తే ఇక మిగిలేది చెంచా ఒక్కటే! వాటికి బదులు కొబ్బరిపాలు గిలక్కొట్టి చూస్తోంది టైలరమ్మ.

"వంటకి మనిషి కావాలన్నారటగా?"

గుమ్మంలో ఓ పొట్టి ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. చేతిమీద కాలిన మచ్చ.

"నేనెవరితోనూ అనలేదే!"

"అన్నారనుకున్నానమ్మా." ఆవిడ గిన్నెలోకి తొంగిచూసింది. "చాక్లెట్ వేడివేడిగా పోసేశారు. నురగ చచ్చిపోదూ?"

టైలరమ్మకి ఒళ్లు మండింది. కానీ అవసరం తనది.

"నీకొచ్చా ఏంటి?"

"తెల్ల శనగలు నానబెట్టి ఉంచండి. రేపొస్తా."

"నేను మూస్ అంటుంటే నువ్వు శనగలంటావేంటి?"

"అవి ఉడికించిన నీళ్లు కావాలమ్మా. శనగలు మీరే తినెయ్యండి."

అన్నట్టే మర్నాడు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది, మూతికి గుడ్డ కట్టుకుంది. శనగలు ఉడికిన నీళ్లని సగానికి మరగబెట్టి, బాగా చల్లార్చి, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి గిలక్కొట్టడం మొదలెట్టింది. పావుగంటకి గిన్నె నిండా తెల్లటి నురగ పొంగింది. గిన్నె బోర్లించినా జారలేదు. టైలరమ్మ నోరెళ్లబెట్టింది.

తర్వాత చేదు చాక్లెట్ కరిగించి, వేలికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగింది.

"కలపకూడదమ్మా, మడతపెట్టాలి. పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు."

సాయంత్రానికి ఫ్రిజ్‌లో గట్టిపడింది. పిల్ల రెండు గిన్నెలు ఊడ్చేసింది.

"శనగల పిన్నీ, ఇంకొంచెం లేదా?"

ఆ రోజు నుంచి ఆవిడ శనగల పిన్ని అయిపోయింది. మూస్ తిన్న నోటితో పిల్ల అన్నమూ తినసాగింది. తొమ్మిది రోజుల్లో కిలోన్నర పెరిగింది.

టైలరమ్మకి సంతోషమే. కానీ లోపల ఎక్కడో చురుక్కుమనేది. కన్నది తను, రాత్రింబవళ్లు కనిపెట్టుకున్నది తను. తను పెడితే మూతి తిప్పుకునే పిల్ల, నిన్నగాక మొన్న వచ్చినదాన్ని పిన్నీ పిన్నీ అంటుందా!

పదోరోజు మధ్యాహ్నం కత్తెర కోసం గదిలోకి వచ్చిన టైలరమ్మ కొయ్యబారిపోయింది.

పిల్ల నిద్రపోతోంది. శనగల పిన్ని మోకాళ్లమీద కూర్చుని పిల్ల మీదకి వంగి ఉంది. మూతికి గుడ్డ లేదు. చెయ్యి పిల్ల మెడ దగ్గరుంది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం లేదమ్మా... ఒక్క నిమిషం..."

"మంచం దరిదాపులకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఏదైనా అంటుకుంటే నా పిల్ల బతుకుతుందా? మెళ్లో గొలుసు మీద పడింది కదూ నీ కన్ను!"

"అయ్యో, కాదమ్మా!"

"సంచీ ఇటు పెట్టు."

సంచీలో చిన్న డబ్బా దొరికింది. అందులో మూస్.

"ఇదేంటి?"

"మా అబ్బాయికమ్మా. వాడికిదంటే ప్రాణం. రెండు చెంచాలే తీశాను."

"నీ కొడుక్కి నీ ఇంట్లో చేసిపెట్టుకో! నా పిల్ల నోటిదగ్గరిది ఎత్తుకుపోతావా? నువ్వూ ఓ తల్లివేనా?"

టైలరమ్మ డబ్బాని సింకులో బోర్లించి కుళాయి తిప్పేసింది.

ఆవిడ అది పూర్తిగా కొట్టుకుపోయేదాకా చూస్తూ నిలబడింది. ఖాళీ డబ్బా సంచీలో వేసుకుని గుమ్మం దాటుతూ అంది.

"చాక్లెట్ చల్లారాకే పొయ్యండమ్మా. తొందరపడొద్దు."

"నీతులు చాలుగానీ, ముందు నడు!"

మర్నాడు టైలరమ్మ తనే చేసింది. బ్రహ్మాండంగా కుదిరింది. పిల్ల రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టేసింది.

"పిన్ని ఎందుకు రాలేదమ్మా?"

"పని మానేసింది."

వారం తర్వాత గుండె పరీక్షకి వెళితే ఆస్పత్రి కౌన్సిలర్ టైలరమ్మని లోపలికి పిలిచి తలుపు వేసింది.

"మీ ఇంటికి కొత్తమనిషి ఎవరైనా వచ్చిందా? పొట్టిగా, చేతిమీద కాలిన మచ్చతో?"

"ఆవిడా? వంటమనిషి. దొంగబుద్ధి. మెడపట్టి గెంటేశాను."

కౌన్సిలర్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"మీ అడ్రసు మా ఆఫీసు నుంచే బయటికి పొక్కింది. తప్పు మాదే. మీ అమ్మాయిని ఒక్కసారి చూపించమని నాలుగు నెలలపాటు రోజూ వచ్చి మమ్మల్ని బతిమాలేది. రూల్స్ ఒప్పుకోవన్నాం. మొన్న వచ్చి, కళ్లారా చూసుకున్నాను, ఇక చాలమ్మా అని చెప్పి ఊరొదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు."

టైలరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

"ఎవరండీ ఆవిడ?"

"చెప్పకూడదు... కానీ మీరు గెంటేశానంటుంటే ఊరుకోలేకపోతున్నా. మీ అమ్మాయిలో కొట్టుకుంటున్నది ఆవిడ ఒక్కగానొక్క కొడుకు గుండె."