పెన్‌డౌన్

గుమాస్తాల సంఘం పుట్టాక ఇదే మొదటి పెన్‌డౌన్ సమ్మె. రాజమండ్రి ఆఫీసులో అందరూ సీట్లలోనే ఉన్నారు, పెన్ను మాత్రం ముట్టరు. రోజులు గడుస్తున్నా ఖాళీ పోస్టులు నింపే మాట ఎవరూ ఎత్తడం లేదని సంఘం కార్యదర్శి కృపారాణి లోలోపల ఉడికిపోతోంది.

ఆఫీసరు భీమరాజు, టైపు చేసేవాళ్లు లేక తనే కొట్టుకున్న కాగితంతో వచ్చాడు.

"మీ సస్పెన్షన్ ఆర్డరండి. చూసుకోండి."

చదువుతుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటండీ ఇది! తేదీ లేదు, రిఫరెన్సు లేదు. రూలు నంబరు కూడా తప్పే. ఇలాగేనా ఆర్డరు పంపేది?"

విసురుగా బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసింది. అన్నీ సరిచేసి, అలవాటుగా మూలన ఇనీషియల్ వేసి, చేతికిచ్చింది.



భీమరాజు ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

"థాంక్సండి. ఇంతకీ పెన్‌డౌన్ ఎప్పుడు విరమించారండీ, కృపారాణి గారూ?"